లిఫ్టమ్మ సమ్మె

ఫోనులో ఛార్జింగు అయిపోవడం వేరు, ఫోనుకు ఛార్జింగు పెట్టకపోవడం వేరు. మొదటిది కేవలం ప్రమాదం. ఎంతటివారి ఇంట్లోనైనా సంభవించవచ్చు. రెండవది ప్రకటన. దానికి ఒక కర్త, ఒక సంకల్పం, చరిత్రలో ఒక స్థానం ఉంటాయి. పూర్వం రాజులు కోటతలుపులు మూయించి లోకానికి తెలియజేసిన సంగతినే, ఈనాడు ఇల్లాళ్ళు సన్నటి తెల్లతీగ ఒకదానిని ప్లగ్గులోనుంచి ఊడబెరికి తెలియజేస్తున్నారు.

ఆ ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, వంటింటి గట్టు మీద, గ్యాస్ పొయ్యికి జానెడు దూరంలో, ఆ ఫోను పదకొండు శాతంతో పడి ఉంది. ఛార్జరు జాడ లేదు.

"అమ్మా, ఫోను చచ్చిపోయేలా ఉంది," అన్నాడు కొడుకు గుమ్మంలో నిలబడి.

"పోనీ."

"పోనీ ఏంటమ్మా? అరవై రెండు లిఫ్టులు!"

"కొత్త స్టిక్కర్లు వేయించావుగా. ఆ నంబరు వాళ్ళు ఎత్తుతారు."

"ఇరవై రెండింటికే వేశాం. ఇంకా నలభై లిఫ్టుల్లో నీ నంబరే ఉంది."

"అది నా తప్పు కాదు నాన్నా. నేను విశ్రాంతిలో ఉన్నాను."

విశ్రాంతి అన్న మాటను ఆమె ఎంత మృదువుగా పలికిందంటే, కొడుకు ఒక అడుగు వెనక్కు వేశాడు.

నిన్నటి సాయంత్రం ఆ మాటను ఆ ఇంట్లోకి తెచ్చినవాడు అతడే. చేతిలో ఎర్రటి స్టిక్కర్ల కట్ట, ముఖంలో దాతృత్వపు వెలుగు పెట్టుకుని వచ్చి, "అమ్మా, ఇక నీకు విశ్రాంతి," అన్నాడు. లిఫ్టు ఆగినప్పుడు జనం పిలవవలసిన నంబరు ఇకమీదట వంటింటిది కాదు. ఊళ్ళోవాళ్ళందరి ఫోన్లూ అద్దెకు ఎత్తిపెట్టే ఒక కంపెనీది. బహుమతి ఇచ్చినవాడు ఎదుటివారి ముఖం వంక చూసినట్టు చూశాడు. ఆమె గిన్నె మీద మూతపెట్టి, పొయ్యి కట్టేసి, వెళ్ళి పడుకుంది. తెల్లవారి చూస్తే ఛార్జరు లేదు.

ఈ కొడుకును ఇంట్లో ఎం.డి. గారు అంటారు. ఎనిమిది నెలల క్రితం అతడు తన పేరు కింద ఆ రెండక్షరాలతో కార్డులు అచ్చు వేయించుకున్నాడు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళూ ఆ సంస్థను అతని తండ్రి ఏ కార్డూ లేకుండానే నడిపాడు. తండ్రిని అందరూ మేస్త్రీ అంటారు. ఒక్క లిఫ్టుతో, ఒక్క స్కూటరుతో ఆయన మరమ్మతుల పని మొదలుపెట్టిన రోజుల్లో, పైన మోటారు గదిలో ఆయన చేతులు గ్రీజులో ఉంటే ఫోను ఎత్తేవారు లేక, లిఫ్టులో అంటించే చీటీ మీద భార్య నంబరు రాశాడు. ఒకటి పదయింది, పది అరవై రెండయ్యాయి. మెకానిక్కులు తొమ్మిదిమంది అయ్యారు. చీటీ మీది నంబరు మాత్రం మారలేదు. అది సంస్థ నంబరని అందరూ అనుకున్నారు. అది ఒక మనిషి నంబరన్న సంగతి, ఆ మనిషితో సహా, ఎవరికీ తోచలేదు.

లిఫ్టులో చిక్కుకున్నవారు ఆమె పేరు తెలియక లిఫ్టమ్మ అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

మేస్త్రీ బల్ల దగ్గర టీ తాగుతూ పేపరులో తల దాచుకున్నాడు. ఇంటి తగాదాల విషయంలో ఆయనదొక శాస్త్రీయ దృక్పథం. వేడెక్కిన మోటారును ముట్టుకోకూడదు, చల్లారనివ్వాలి.

"నాన్నా, నువ్వైనా చెప్పు," అన్నాడు ఎం.డి.

"ఏం చెప్పను?"

"పదింటికి బిల్డరు కంపెనీ మేనేజరు వస్తోంది. నూట నలభై లిఫ్టులు నాన్నా! మనకిప్పుడున్నవాటికి రెట్టింపు పైన. ఆవిడ మొన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? మీ కంట్రోల్ రూమ్ ఎక్కడ అని. నేనేం చెప్పాలి? మా అమ్మ స్టవ్ పక్కన అనా?"

వంటింట్లో ఒక గరిటె కింద పడింది. పడిందో, పడేశారో నిర్ణయించడం కష్టం.

మేస్త్రీ పేపరు పేజీ తిప్పాడు.

*

కోడలు ఆ రోజు సెలవు పెట్టింది. ఆమె ఒక పెద్ద హాస్పిటల్లో నర్సుల డ్యూటీ చార్టులు వేస్తుంది. ఎవరు ఏ పూట, ఏ వార్డు, ఎవరికి ఎప్పుడు సెలవు అన్న లెక్కలన్నీ ఆమె చేతి మీదుగా నడుస్తాయి. మూడువందలమంది నర్సుల అలకలు తీర్చిన అనుభవంతో ఆమె వంటింట్లోకి వచ్చి, గుడ్డ అందుకుని, కడిగిన గిన్నెలు తుడవసాగింది.

"అత్తయ్యా, కోపం ఎవరి మీద?"

"నాకెందుకమ్మా కోపం? విశ్రాంతి ఇచ్చాడు నీ మొగుడు. మహారాణిలా కూర్చుంటాను."

"కూర్చోండి మరి. కుర్చీ తేనా?"

"నువ్వూ మొదలెట్టకు."

కాసేపు గిన్నెలే మాట్లాడుకున్నాయి.

"వాడు మంచికే అన్నాడు. అదే నా బాధ," అంది అత్తగారు చివరికి. "చెడుకి అనుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. స్నానానికి వెళ్తే ఫోను సబ్బుపెట్టె పక్కన. సినిమాకెళ్తే సగంలో బయటికి. మీ పెళ్ళి ఫొటోలు తీసి చూడు, ఒక్కదాంట్లోనైనా నా చెయ్యి చెవి దగ్గర లేకుండా ఉందేమో."

"మీకు తలనొప్పి అనుకున్నాను అత్తయ్యా. మా అమ్మయితే ఇప్పటికీ అడుగుతుంది, మీ అత్తగారి తలనొప్పి తగ్గిందా అని."

అత్తగారి పెదవి ఒక మూల కదిలింది. వెంటనే సమ్మె గుర్తుకొచ్చి సర్దుకుంది.

"ఒక్క మాట చెప్పు. ఇన్నాళ్ళూ నేను చేసింది పనే అయితే, ఇది పని అని ఏనాడైనా ఒక్కరు అనాలి కదా? పని కాదంటావా, మరి వాడు దేన్నుంచి ఇచ్చినట్టు విశ్రాంతి?"

కోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

*

తొమ్మిదీ ఇరవైకి ఫోను మోగింది. ఏడు శాతం.

లిఫ్టమ్మ దానివంక చూడలేదు. అది మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తమ్మా!" అని ముందుగదిలోంచి కేక.

"విశ్రాంతిలో ఉన్నాను!"

మూడోసారి మోగినప్పుడు ఆమె చూపు, యజమానురాలి అనుమతి లేకుండానే, తెర మీదికి జారింది. పళ్ళ డాక్టరు, నాలుగో అంతస్తు. ఆ డాక్టరు ఉండే బిల్డింగుకు నిన్ననే కొత్త స్టిక్కరు వేశారు. అంటే ఆయన గోడ మీద నంబరు చూసి చెయ్యడం లేదు. తన ఫోనులో దాచుకున్న నంబరుకు చేస్తున్నాడు.

ప్రపంచ కార్మికోద్యమ చరిత్రలో ఇంత అల్పాయుష్షుతో ముగిసిన సమ్మె మరొకటి ఉండదు. ఆమె ఎత్తింది.

"లిఫ్టమ్మ గారూ! మీరేనా? నిజంగా మీరేనా?"

"నేనే డాక్టరు గారూ. ఎక్కడ ఆగింది?"

"రెండుకీ మూడుకీ మధ్య. ఇందాక ఎవరో అమ్మాయి ఒకటి నొక్కమంది, తర్వాత మూడు నొక్కమంది, ఆ తర్వాత 'రెండు నిమిషాల్లో వస్తారు సార్' అంది. ఆ రెండు నిమిషాలు ఇప్పటికి నాలుగుసార్లు అయ్యాయండీ! నాకు ఊపిరి..."

ఆమె గుమ్మం వైపు చూసింది. చూడనవసరం లేదు, మేస్త్రీ అప్పటికే పేపరు పడేసి పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. ఆమె రెండు వేళ్ళు చూపి, చేతిని అడ్డంగా ఆడించింది: రెండో అంతస్తు పైన. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో వారిద్దరి మధ్య ఇంతకంటే గాఢమైన సంభాషణలు అరుదు.

"మా ఆయన బయల్దేరారండీ. స్కూటరు తీస్తున్నారు. పాతిక నిమిషాలు పడుతుంది."

"పాతికా!"

"పాతికే. ముప్పై అయ్యేలా ఉంటే మీకు ముందే చెబుతాను."

అవతల ఊపిరి ఒకసారి ఆగి, కొంచెం నెమ్మదిగా మొదలైంది. ఇది ఆమె స్వయంగా కనిపెట్టిన శాస్త్రం. రెండు నిమిషాలన్నవారికి మూడో నిమిషం నుంచి నరకం. పాతిక అన్నవారు పాతికకు సిద్ధపడి కూర్చుంటారు. అలాగే ఆమె ఎన్నడూ భయపడకండి అనదు. అంతవరకు భయం తోచనివారికి కూడా ఆ మాటతోనే తోస్తుంది.

"ముందు కింద కూర్చోండి."

"కిందా? తెల్లకోటండీ."

"విప్పి దాని మీదే కూర్చోండి. బూట్లు కూడా విప్పేయండి. కూర్చున్నారా? మీ సంచిలో ఏమున్నాయి?"

"సంచిలోనా... ఒకాయన కింది దవడ అచ్చుంది. తెల్ల సున్నంది."

"చేతిలోకి తీసుకోండి. పళ్ళు ఎన్నున్నాయి?"

"పద్నాలుగు."

"చూడకుండా చెబితే ఎలా? ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుని లెక్కపెట్టండి. నేను వింటున్నా."

"ఒకటి... రెండు... ఇది కొంచెం వంకర..."

నాలుగు శాతం.

ఎం.డి. గారు ఫోను తెర చూసి గుండె చేత్తో పట్టుకున్నాడు. ఛార్జరేదీ అని సైగ చేశాడు. అల్మారాలు తెరిచాడు, మూశాడు. కోడలు ఫ్రిజ్జు వెనక చూసింది. లిఫ్టమ్మ మాట ఆపకుండానే, ఓటమిని అంగీకరించిన సేనాని కత్తి అప్పగించినంత గంభీరంగా, పై అరలోని పంచదార డబ్బాను వేలితో చూపించింది.

తీగ నుంచి పంచదార రాలుతోంది. ప్లగ్గు ఫ్రిజ్జు పక్కన, మోకాలి ఎత్తులో ఉంది. తీగ పొట్టిది. అందుచేత లిఫ్టమ్మ చిన్న పీట మీద కూర్చుని, చెవిని ఫ్రిజ్జు గోడకు ఆనించి, "వంకరది దవడ పన్నా, ముందు పన్నా?" అని అడుగుతుండగా, వదులుగా ఉన్న ప్లగ్గు ఊడిపోకుండా ఎం.డి. గారు రెండు మోకాళ్ళ మీద కూర్చుని దానిని గోడకేసి అదిమి పట్టుకున్నాడు.

సరిగ్గా ఆ భంగిమలో ఉండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పదింటికి రావలసిన మేనేజరమ్మ అరగంట ముందు వచ్చింది.

చేతిలో ఫైలు, నుదుటి మీదికి నెట్టిన కళ్ళద్దాలు. ఆమె నోరు తెరవబోతే కోడలు పెదవుల మీద వేలు పెట్టింది. మేనేజరమ్మ అలాగే నిలబడిపోయింది. ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఎం.డి. గారు ప్లగ్గు వదల్లేక, నిల్చోలేక, ఉన్నచోటునే నమస్కారం పెట్టబోయి, ఒక్క చేత్తో పెట్టాడు.

దవడ అయిపోయాక డాక్టరు గారి చిన్నప్పటి బడి వచ్చింది. బడి తర్వాత ఆయనకు సైకిలు నేర్పిన మేనమామ వచ్చాడు. మేనమామ రెండో పెళ్ళి మధ్యలో, ఫోనులోంచి ఇనుము గీరుకున్న చప్పుడూ, తలుపు జరిగిన చప్పుడూ, "ఏం డాక్టరు గారూ, కాళ్ళు పట్టేశాయా?" అన్న మేస్త్రీ గొంతూ వినిపించాయి.

"ఇరవై మూడు నిమిషాలేనండీ లిఫ్టమ్మ గారూ," అన్నాడు డాక్టరు, ఇంచుమించు నిరాశగా. "ఆ పెళ్ళి సంగతి తర్వాత చెబుతాను."

*

"మేడమ్, ఇది... ఇదంతా తాత్కాలికం," అన్నాడు ఎం.డి. మోకాళ్ళు దులుపుకుంటూ.

"తాత్కాలికమంటే?"

"పద్దెనిమిదేళ్ళు," అంది లిఫ్టమ్మ పీట మీంచి లేస్తూ.

మేనేజరమ్మ నవ్వలేదు. బల్ల ముందు కూర్చుంది. కోడలు ఇచ్చిన టీ ఒక గుక్క తాగింది.

"అమ్మా, నేను చాలా ఏజెన్సీలు చూశాను. ఇలాంటిది ఎక్కడా వినలేదు. చాలా బాగుంది," అంది. లిఫ్టమ్మ మెడ రెండంగుళాలు పైకి లేచింది. "కానీ నావి నూట నలభై. ఒకేసారి రెండు ఆగితే?"

"ఒకళ్ళని లైన్లో ఉండమంటాను."

"మూడు ఆగితే?"

లిఫ్టమ్మ చేతిలోని ఫోను వంక చూసింది.

"మీకు జ్వరమొస్తే?"

"వచ్చిందిగా, చాలాసార్లు. ఎత్తాను."

"నేను అడిగేది అదేనమ్మా. జ్వరంలో కూడా ఎత్తాల్సి వచ్చిందంటే, మీ ఏజెన్సీలో రెండో మనిషి లేడన్నమాట."

తాను లేనిదే నడవదన్న సంగతి లిఫ్టమ్మకు ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించని కిరీటం. ఆ కిరీటాన్నే ఈ పరాయి మనిషి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఇది చిల్లు గిన్నె అని బల్ల మీద పెట్టింది. కోపం రావలసింది. రాలేదు. మాట నిజమైనప్పుడు కోపం త్వరగా రాదు.

"అందుకే మేడమ్, కొత్త కాల్ సెంటరుకి..." అని కొడుకు అందుకున్నాడు.

"మీరు పంపిన ఆ నంబరుకి ఇందాక నేనే చేశాను. మీ ఇంటి దారి తెలియక. ఒకటి నొక్కమన్నారు. తర్వాత, రెండు నిమిషాల్లో చెబుతాం అన్నారు." ఆమె గడియారం చూసుకుంది. "ఇంకా చెప్పలేదు."

ఎం.డి. గారు నీళ్ళు నమిలాడు.

అప్పుడు కోడలు లోపలికి వెళ్ళి, ఒకదానికొకటి అతికించిన నాలుగు కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. పెన్సిలు గళ్ళు, అడ్డగీతలు, ఎర్ర చుక్కలు.

"ఏంటిది?" అన్నాడు భర్త.

"రెండు నెలల నుంచి రాస్తున్నాను. ఏ లిఫ్టు ఎప్పుడు ఆగింది, ఎవరు వెళ్ళారు, దారిలో ఎంతసేపు పోయింది. అత్తయ్య ఫోన్లో మాట్లాడుతుంటే విని రాసుకున్నవే."

"నాకు చెప్పలేదే?"

"మీరు స్టిక్కర్లు నాకు చెప్పారా, ఎం.డి. గారూ?"

మేనేజరమ్మ నుదుటి మీది కళ్ళద్దాలు కళ్ళ మీదికి దిగాయి. ఆ ఉదయం ఆ ఇంట్లో జరిగిన మొదటి వ్యాపార చర్య అది.

"మా హాస్పిటల్లో వార్డంతా ఒక్క నర్సు మీద నడుస్తుంటే, ఆ నర్సుని మేం పొగడం. ఆ వార్డు ఎప్పుడు కూలుతుందో లెక్క వేస్తాం," అంది కోడలు. "ఇక్కడ చూడండి. మన తొమ్మిదిమంది రోజులో సగం లిఫ్టు దగ్గర ఉండరు, రోడ్డు మీద ఉంటారు. ఒకే వీధిలో మూడు లిఫ్టులకి ముగ్గురు ఊరు దాటి వస్తున్నారు. ఈ లెక్కన నూట నలభై కలిపితే పేరు రెట్టింపవుతుంది, మెకానిక్కులు నెలకే పారిపోతారు, మిగిలేది పెట్రోలు పొగ. ఊరిని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళే ఉంటే, వీళ్ళతోనే ఇంకో ముప్పై చూడొచ్చు. మేడమ్, మీవాటిలో మాకు దగ్గరున్నవి ముప్పై ఒకటి. ముందు అవి ఇవ్వండి. అవి నిలబడ్డాక మనుషుల్ని తీసుకుని, అప్పుడు మిగతావి."

"ముప్పైయా!" అన్నాడు ఎం.డి. ఆ గొంతులో ఒక సామ్రాజ్యం కూలిన చప్పుడుంది. "నూట నలభై ఇస్తానంటుంటే ముప్పై అడుగుతావా?"

"ఇంకోటి కూడా ఉంది," అంది కోడలు, మామగారి కుర్చీ ఖాళీగా ఉన్న ధైర్యంతో. "ఈ ఎర్ర చుక్కల్లో సగం ఒక్కచోటివే. మార్కెట్ బిల్డింగు. అక్కడి నాలుగు ముసలి లిఫ్టులు మన ఇద్దరు మనుషుల్ని మింగేస్తున్నాయి. దాన్ని వదిలెయ్యాలి."

"దేన్ని వదిలెయ్యాలి?" అన్నాడు మేస్త్రీ.

ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతికి గ్రీజు, భుజాన సంచి.

మేనేజరమ్మ మర్యాదస్తురాలు కనుక తన ఫైలులో ఏదో అత్యవసరమైన ఖాళీ పేజీ చదవసాగింది.

"అక్కడిదే నా మొదటి లిఫ్టు," అన్నాడు మేస్త్రీ.

"తెలుసు మామయ్యా. ఈ రెండు నెలల్లో అది ఇరవై ఆరుసార్లు ఆగింది."

"మోటారు పాతది. కొత్తది పెట్టమంటే వచ్చే నెల అంటారు వాళ్ళు."

"అంటారని మీరు అంటారు," అంది లిఫ్టమ్మ. "అసలు అడిగారా ఎప్పుడైనా? మీకు మొహమాటం. వెళ్ళి దాన్ని బుజ్జగించి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేస్తారు. లోపల ఇరుక్కున్నవాళ్ళని బుజ్జగించేది నేను."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నీళ్ళు చాలాసేపు పారాయి. సబ్బు రెండుసార్లు జారిపడిన చప్పుడైంది. లిఫ్టమ్మ కుళాయి వైపే చూస్తూ కూర్చుంది. ఆ నీళ్ళు ఆగేలోపు ఎవరు ఏం మాట్లాడినా అది తప్పు మాటే అవుతుందని ఆమెకు తెలుసు. మాట్లాడబోయిన కొడుకును కంటితోనే ఆపింది.

కుళాయి ఆగింది.

"నేనే వెళ్ళి చెబుతాను," అన్నాడు మేస్త్రీ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "కొత్త మోటారు పెట్టండి, లేదా ఇంకో మేస్త్రీని చూసుకోండి అని. నువ్వు వెళ్ళకు," అని కొడుకువంక తిరిగాడు. "నువ్వెళితే స్టిక్కరు అంటించి వస్తావు."

మేనేజరమ్మ ఈసారి నవ్వింది. నవ్వు మొదట ఎం.డి. గారికి తగిలింది, తర్వాత అంటుకుంది.

*

"ముప్పై ఒకటికి నేను ఒప్పుకుంటాను," అంది మేనేజరమ్మ. "ఆరు నెలలు చూసి మిగతావి. పోయినసారి ఒక ఏజెన్సీ నూట నలభై ఒక్కరోజులో తీసుకుంది. మూడో నెలలో ఫోను ఎత్తడం మానేసింది. కానీ ఫోను సంగతి తేలాలి. రోజంతా, ఎవరో ఒకరు, ఇలాగే మాట్లాడాలి."

"నలుగురు కావాలి. ఆరేసి గంటలు," అంది కోడలు. ఆ మాట ఆమె నోట ఒక మంత్రంలా వచ్చింది.

"ఎక్కడ దొరుకుతారు ఇలా మాట్లాడేవాళ్ళు?" అన్నాడు ఎం.డి.

"మాట్లాడేవాళ్ళు వద్దు," అంది లిఫ్టమ్మ. "వినేవాళ్ళు కావాలి. మాటలు నేను నేర్పుతాను. ఒక నెల నా పక్కన కూర్చోవాలి. మొదటిరోజే రెండు నిమిషాలన్న మాట నోట్లోంచి పీకేస్తాను." ఆమె ఆగింది. నేర్పడానికి ఇందులో ఏముందని అనబోయి, నిన్నటివరకు తానూ అలాగే అనుకున్న సంగతి గుర్తొచ్చి, ఆ మాట మింగేసింది. "కానీ నాకొక షరతు ఉంది. నాకు ఉద్యోగం కావాలి. కాయితం మీద."

"అమ్మా, కంపెనీయే నీది కదా!"

"కంపెనీ నాది అంటే జీతం ఉండదు, ఆదివారం ఉండదు. జీతం సంగతి మీ ఇష్టం. ఆదివారం మాత్రం నాకు కావాలి."

ఎం.డి. గారు కాగితం, కలం తీసుకున్నాడు. ఇటువంటి సందర్భాలకే ఆయన పుట్టాడు. "హోదా ఏం రాయను? కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి? డైరెక్టర్, అత్యవసర సేవలు?"

"లిఫ్టమ్మ అని రాయి. జనానికి తెలిసిందదే."

రాశాడు. రాస్తూ, తల ఎత్తకుండా, గొంతు తగ్గించి అన్నాడు: "నిన్ను తీసెయ్యాలని కాదమ్మా. నీ చెయ్యి ఎప్పుడూ చెవి దగ్గరే ఉంటుంది, అది చూడలేకే."

"తెలుసురా. ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"అంటాను. అప్పుడు మళ్ళీ అడగాలి."

అతడు సంతకం చేసి కాగితం ఇచ్చాడు. ఆమె దానిని రెండుసార్లు చదివింది. ఎక్కడ దాచాలో తోచక, చేత్తోనే పట్టుకుంది.

మేనేజరమ్మ ఫైలు మూసి లేచింది. "ఒక్కటి మిగిలింది. ఒప్పందం మీద సంతకం నాది కాదు, మా ఛైర్మన్‌ది. పోయిన ఏడాది ఆయన మా లిఫ్టులోనే నలభై నిమిషాలు ఇరుక్కుపోయారు. ఫోను ఎత్తినవాడు పాటలు పెట్టాడట. అప్పటి నుంచి, ఫోను ఎత్తే మనిషి ముఖం చూడందే ఏ లిఫ్టు కాయితం మీదా సంతకం పెట్టనని కూర్చున్నారు. ఇవాళ నాలుగింటికి అమ్మని తీసుకురండి. వేరే ఎవరు వచ్చినా లాభం లేదు. మా ఆఫీసు పంతొమ్మిదో అంతస్తు."

ఆమె వెళ్ళాక ఇల్లు ఒక్కసారిగా గలగలలాడింది. కోడలు కాగితాలు మడిచి సంచిలో పెట్టింది. ఎం.డి. గారు తండ్రి చొక్కాకు తానే ఇస్త్రీ చేస్తానని పట్టుబట్టి, కాలరు కొంచెం మాడ్చాడు. మేస్త్రీ తిట్టలేదు; మార్కెట్ బిల్డింగు వాళ్ళతో ఎలా మొదలుపెట్టాలో పెదవుల మధ్యనే అప్పజెప్పుకుంటున్నాడు. ఫోను ప్లగ్గు దగ్గర అరవై నాలుగు శాతం దాటింది. ముప్పై ఒక్క లిఫ్టులు, ఆ తర్వాత మరో నలభై, ఆ తర్వాత మిగతావి. సామ్రాజ్యం ఈసారి మెట్టు మెట్టుగా పైకి లేస్తున్నట్టు అందరికీ కనబడింది.

మూడుంబావుకు అందరూ సిద్ధమయ్యారు. లిఫ్టమ్మ బీరువాలోని మంచి బట్టలు కట్టుకుని, నియామక పత్రం సంచిలో పెట్టుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమండీ, ఇలా రండి," అని భర్తను పక్కకు పిలిచింది.

"ఏమైంది?"

"వాళ్ళ బిల్డింగుకి మెట్లుంటాయా?"

"ఉంటాయి. ఎందుకూ? ఆరు లిఫ్టులున్నాయి, అన్నీ కొత్తవే. పంతొమ్మిదికి నలభై సెకన్లు."

ఆమె సంచి తాడును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. మేస్త్రీ భార్య ముఖంలోకి చూశాడు. వాళ్ళ ఇల్లు నేల మీద ఇల్లు. బంధువుల ఇళ్ళు మొదటి అంతస్తు దాటవు. హాస్పిటల్‌కు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, కాళ్ళకు మంచిదంటూ ఆమె ఎప్పుడూ మెట్ల వైపే నడిచేది. అదేమిటని ఆయన ఒక్కసారీ అడిగినవాడు కాదు.

పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టుల్లో చిక్కుకున్నవారి చెవిలో కూర్చుని ధైర్యం చెబుతున్న ఆవిడ, ఇంతవరకు లిఫ్టు ఎక్కలేదు.